మూలింటి కిటికీలోకి పోయిన తీగలు

మా కోడలు ముందుగదిలో కూర్చుని చేసే ఉద్యోగమేమిటో నాకు అర్థం కావడానికి చాలాకాలం పట్టింది. హైదరాబాదులో ఎక్కడో ఒక పెద్ద ఆసుపత్రి ఉన్నది. ఆ ఆసుపత్రికి ఫోన్ చేసిన రోగి గొంతు పర్చూరుకు ఇవతల పత్తిచేల నడుమ ఉన్న మా ఊళ్ళో, మా ఇంటి ముందుగదిలో పలుకుతుంది. కోడలు చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఎదుట కంప్యూటర్‌లో వైద్యుల వేళలు చూసుకుంటూ, "రేపు పొద్దున రండమ్మా, పరగడుపున రండి, పాత రిపోర్టులు మరిచిపోకండి" అని చెబుతుంది. అటువైపు మనిషి తాను ఆసుపత్రి గుమ్మంలోనే ఎవరితోనో మాట్లాడుతున్నాననుకుంటాడు. ఆ భ్రమకు భంగం కలగకూడదని మా ఇంట్లో పనివేళల్లో పచ్చడి నూరడం, మనవరాలిని గట్టిగా కేకవేయడం, నేను పద్యం చదువుకోవడం నిషిద్ధాలు.

నా యాభై ఏళ్ళ అలవాటు మీద వేటు పడినా నేను మారుమాట అనలేదు. మా అబ్బాయి చీమకుర్తిలో రాయి కోసే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఆదివారం వస్తాడు, సోమవారం తెల్లవారకముందే పోతాడు. మనవరాలు పర్చూరులో చదువుతున్నది. ఇంటిని నిలబెడుతున్నది కోడలే. ఆ ఉద్యోగం ఇంట్లో నుంచి చేసుకోనిస్తున్నారు గనుకనే ఆ పిల్లకు తల్లి, నాకు వేళకు అన్నం దక్కుతున్నవి.

కార్తీకం వెళ్ళి పత్తితీతలు ముమ్మరమైనవేళ ఆ ఏర్పాటుకు ఎక్కడో చిల్లు పడింది. పొద్దు కొంచెం ఎక్కేసరికి నెట్ పోయేది. మధ్యాహ్నం భోజనాలవేళకు దానంతట అదే తిరిగి వచ్చేది. మొదటి రెండు మూడు రోజులు ఎవరమూ లెక్కచేయలేదు. ఒకనాడు ఎవరో ముసలావిడ తన భర్త అనారోగ్యం గురించి చెబుతూ, "నిన్నటి నుంచి ఎడమచెయ్యి, తల్లీ..." అన్నదట. అంతటితో మాట తెగిపోయింది. కోడలు "హలో, అమ్మా, హలో" అంటూనే ఉన్నది. ఆ ఎడమచేతికి ఏమైందో ఆమెకు ఇప్పటికీ తెలియదు. ఆనాడు అన్నం ముందు కూర్చుని కూడా మెతుకు ముట్టలేదు.

తరువాత ఆమె పై అధికారి నుంచి కబురు వచ్చింది. నెలాఖరు లోపల లైను స్థిరపడకపోతే ఒకటో తేదీ నుంచి హైదరాబాదు వచ్చి ఆఫీసులో కూర్చోవాలి. అది కుదరకపోతే మానుకోవాలి.

"అక్కడికి వెళ్ళి గది తీసుకుంటే వచ్చిన జీతం అక్కడికే సరిపోతుంది మావయ్యగారూ. పిల్లను మీమీద వదిలి వెళ్ళలేను, మానుకోనూ లేను. నాకంటూ ఉన్న పని ఇదొక్కటే" అన్నది. ఏడవలేదు. ఏడిస్తే నాకు కొంత సుళువుగా ఉండేది.

ఈ తీగల వ్యవహారం మీద నాకు ఆదినుంచీ నమ్మకం లేదు. నా చిన్ననాడు ఫోన్ అంటే పోస్టాఫీసు. అక్కడ ఒక బల్లముందు కూర్చున్న ఉద్యోగిని ఒక రంధ్రంలోని తాడు తీసి మరొక రంధ్రంలో గుచ్చితే గుంటూరు పలికేది. ఆమె అంతా వింటుందని ఊరంతటికీ అనుమానం. మా నాన్నగారు ఆమెకు అర్థం కాకూడదని, ఇంటి సంగతులు చెప్పవలసి వచ్చినప్పుడు గ్రాంథికంలో మాట్లాడేవారు. ఒకసారి మా పెదనాన్నగారితో ఏదో సంబంధం విషయం "వరుని గుణశీలములు విచారింపవలసియున్నది" అని మొదలుపెట్టి ఎంతకూ ముగించకపోతే, మధ్యలోనుంచి ఆమె గొంతు వినిపించింది: "అయ్యా, తమ సమయము ముగిసినది." మా నాన్నగారు ఆ తరువాత ఉత్తరాలే రాశారు.

అయినా ఆనాడు అనుమానించడానికి ఎదురుగా ఒక మనిషి ఉన్నది. ఇప్పుడెవరున్నారు? మా ఇంటి గోడకు రూటర్ అనే తెల్లని పెట్టె, దాని నెత్తిన రెండు కొమ్ములు, నుదుట నాలుగు చిన్న దీపాలు. దాని వెనుకనుంచి బయలుదేరిన నల్లని తీగ కిటికీ సందులోంచి డాబా ఎక్కి, పక్కింటి పిట్టగోడ మీదుగా ఎక్కడికో పోతుంది. అది ఎక్కడికి పోతుందో ఇన్నాళ్ళూ నేను అడగలేదు, నాకెవరూ చెప్పలేదు. ఇంట్లోకి వచ్చిన చుట్టాన్ని ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడుగుతాము గదా! ఈ తీగను మాత్రం అడగకుండానే లోపలికి రానిచ్చాము.

నెట్ ఇచ్చే కుర్రవాడికి పర్చూరు బస్టాండు దగ్గర ఒక గది ఉన్నది. మా చుట్టుపక్కల ఊళ్ళకు టీవీ కేబులూ నెట్టూ అతనివే. ఫోన్ చేస్తే వెంటనే తీశాడు.

"పైనుంచి ప్రాబ్లం మాస్టారూ."

"పైనుంచి అంటే?"

"అంటే చీరాల నుంచండీ."

"చీరాలకు ఎక్కడనుంచి?"

"గుంటూరు నుంచి. గుంటూరోళ్ళను అడిగితే వాళ్ళూ పైనుంచే అంటారు. ఆ పైన ఎవరో నాకూ తెలవదండీ."

ఆ జవాబుతో నాకు ఒళ్ళు మండింది. వేదాంతం చెప్పినవాళ్ళు కూడా పైనున్నవాడి మీద ఇంత నిశ్చింతగా భారం వేయలేదు. ఇతడు ఏదో దాస్తున్నాడని ఆ క్షణమే నిశ్చయించుకున్నాను. గుంటూరులో తప్పుంటే ఊళ్ళన్నీ పోవాలి. మా అబ్బాయి స్నేహితుడొకడు పర్చూరులోనే ఉంటాడు. అతని ఇంట్లో ఆ వేళకు నెట్ నిక్షేపంగా ఉన్నది. మా ఊళ్ళోనే వేరే వీధిలోని మా మనవరాలి స్నేహితురాలింట్లోనూ ఉన్నది. పోతున్నది మా వీధికే.

కోడలు నెట్ పోయినప్పుడల్లా ల్యాప్‌టాప్ ఎత్తుకుని డాబా మీదికి పరుగెత్తి, ఫోన్ సిగ్నల్‌తో పని నడపబోయేది. ఆరేసిన బట్టల నడుమ, ఎండలో, తలమీద తువ్వాలు కప్పుకుని "చెప్పండి సార్, వినిపిస్తోంది" అంటుంటే నేను మెట్ల మీద నిలబడి చూసేవాణ్ణి. వినిపించేది కాదని ఆమె ముఖమే చెప్పేది. పొగాకు ఆరబెట్టే బారన్ల అవతల టవరు కంటికి కనిపిస్తూనే ఉన్నది. అంత దగ్గర ఉన్నదానికి ఇంత బలహీనమేమిటని ఆ కేబుల్ కుర్రవాణ్ణే మళ్ళీ అడిగాను.

"టవరు దాకానేనండీ గాల్లో పోయ్యేది. టవరు కింద మళ్ళా తీగే. భూమిలో పాతిన తీగ. ఊళ్ళో ఫోన్లన్నీ దానిమీదే పడితే అదేం మోసిద్ది?"

ఫోన్ మాటలు ఆకాశమార్గాన ప్రయాణిస్తవని ఇంతకాలం నేను నమ్మిన దానికి అంతటితో చుక్కెదురైంది. పక్కింటి దూరం ఎగిరి వెంటనే నేలలో దూరి తీగ వెంట పోతున్నవన్నమాట. ఈ సంగతి తెలిసినతరువాత తీగల మీద నా అనుమానం రెట్టింపైంది. అన్నీ తీగ మీదనే ఆధారపడినప్పుడు, తీగ పక్కన ఎవరుంటే వారిదే పెత్తనం.

నేను అరుగు మీద కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాను. ఒక సంగతి తేలింది. పొద్దున మంచు ఆరిన తరువాత పత్తితీతకు కూలీలను తీసుకుపోయే ఆటో మా వీధికి వస్తుంది. వీధి మూలన ఆగి హారన్ మోగిస్తూనే ఉంటుంది. ఎందుకంటే మూలింటావిడ ఎప్పుడూ అందరికన్నా ఆలస్యంగా ఎక్కుతుంది. ఆమెది సొంత చేను. ఒంటిమనిషి. కూలీలతో పాటు తానూ తీత తీస్తుంది. ఆటో వెళ్ళిన మరుక్షణమే లోపలినుంచి కోడలు "పోయింది మావయ్యగారూ!" అంటుంది. ఒకనాడు కాదు, రోజూ ఇదే తంతు. ఆటోకూ నెట్‌కూ ఏదో చుట్టరికం ఉన్నదని నాకు దృఢపడింది. ఆటో పైన కట్టిన, పత్తి నింపే బోరాల మూట ఏ తీగనైనా తాకుతున్నదేమోనని రెండు రోజులు తలెత్తి చూశాను. మూటకూ తీగకూ మధ్య ఇంకొక ఆటో పట్టేంత చోటున్నది.

"ఏంది మాస్టారూ, రోజూ నా ఆటో నెత్తినే చూత్తన్నారు? కొంటారా ఏంది?" అన్నాడు డ్రైవరు. ఆటోలో ఆడవాళ్ళందరూ నవ్వారు. మూలింటావిడ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వును నేను తరువాత చాలాసార్లు తలుచుకున్నాను.

ఇంతలో ముసురు పట్టింది. వానకు నెట్ మొదలే ఉండదని కోడలు దిగులుపడింది. విచిత్రమేమంటే ఆ రోజంతా నెట్ రెప్ప వేయలేదు. తడిసిన పత్తి ఎవరూ తీయరు గనుక ఆటో రాలేదు. వీధిలో రైతులందరూ ఇళ్ళలోనే ఉన్నారు. పక్కింటి మిరపరైతు కూడా చేలో మందు కొట్టే పని మానుకుని తన అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. అతణ్ణి చూడగానే నాలో శంకలన్నీ ఒకచోట గుమికూడినవి.

మా తీగ పోయేది అతని డాబా మీదుగానే. పోయిన వేసవిలో అతను డాబా మీద మిరపకాయలు ఆరబోసినప్పుడు, పట్టాలు కప్పేటప్పుడు తీగ అడ్డం వస్తున్నదని గొడవపడ్డాడు. తాను చేలోకి పోయేముందు డాబా మీద ఏదో చేస్తున్నాడు, తాను ఇంట్లో ఉన్న వానరోజున మాత్రం తనకూ నెట్ కావాలి గనుక ఊరుకున్నాడు. ఇంతకన్నా నిర్దుష్టమైన అనుమానం ఉంటుందా? పూర్వపక్షానికి చోటే కనిపించలేదు.

మరునాడు తెరపిచ్చింది. రెండు రోజులు ఎండకాసి పత్తి ఆరింది. ఆటో వచ్చి వెళ్ళింది, నెట్ పోయింది. నేను గోడ దగ్గరికి వెళ్ళి పిలిచాను. అతను అప్పటికే మా గోడ వైపు వస్తున్నాడు.

"ఏమయ్యా, మీ డాబా మీద మా తీగ..." అని నేను ఇంకా పూర్తిచేయలేదు.

"ఆగండి మాస్టారూ, నేనే అడుగుదామనుకుంటన్నా. మీ కోడలు కంప్యూటర్ తెరవంగానే మా టీవీ ఎందుకు ఆగిపోతంది?"

"మీ టీవీయా?"

"మా టీవీనే. మా అమ్మ పొద్దున్నే సీరియల్ చూత్తది. సరిగ్గా మీ కోడలు పనిలో కూచునే టయానికి బొమ్మ నిలబడిపోద్ది. మా అమ్మ నన్ను తిట్టిపోత్తంది. నెట్టంతా మీ ఇంట్లో అమ్మాయి లాగేత్తంది మాస్టారూ. పెద్దోరు, చెప్పలేకపోతన్నా."

"మా నెట్టే పోతున్నదయ్యా! నువ్వేదో చేస్తున్నావని నేననుకుంటుంటే!"

"నేనా? నేనేం జేత్తా? నాకు ఫోన్‌లో మిర్చి యార్డు రేట్లు చూట్టమే సరిగా రాదు!"

ఇద్దరమూ ఒకరినొకరు చూసుకున్నాము. నేను చెప్పింది అతను నమ్మలేదు, అతను చెప్పింది నేను నమ్మలేదు. తీగను చూపించమన్నాను. చూపిస్తాను గాని మీరొక్కరే ఎక్కవద్దు, నేనూ వస్తాను అన్నాడు. నేను ఏదైనా పీకుతానని అతని భయం. అతను ఏదైనా దాస్తాడని నాది. అట్లా ఒకరికొకరం కాపలాగా అతని డాబా ఎక్కాము.

పాత ప్రబంధ పద్యానికి అన్వయం చెప్పేటప్పుడు, మొదటి పాదంలో ఉన్న మాటకు క్రియ ఏ చివర దాక్కున్నదో విభక్తిని పట్టుకుని వెతుకుతూ పోవాలి. విద్యార్థులకు నలభై ఏళ్ళు నేను నేర్పిందదే. ఆనాడు ఆ తీగను అట్లాగే పట్టుకున్నాను. మా డాబా నుంచి వచ్చిన తీగ అతని పిట్టగోడ మూలన ఒక మేకుకు చుట్టుకుని, మరొక తీగతో జతకలిసింది.

"ఇది నాది" అన్నాడు అతను, తన దూడను గుర్తుపట్టినట్టు.

రెండూ కలిసి తరువాతి డాబాకు దాటినవి. అక్కడ ఎదురు వరుస నుంచి ఇంకో రెండు వచ్చి చేరినవి. మేము దిగి వీధివెంట తలలెత్తుకుని నడిచాము. ఎదురైనవాళ్ళు కూడా తలెత్తి చూసి, ఏమీ కనిపించక మమ్మల్ని చూశారు. కరెంటు స్తంభాల వెంట రోడ్డు వైపు నుంచి ఒక సన్నని తీగ వస్తున్నది. అది పర్చూరు నుంచి వచ్చేదని, ఫైబర్ అంటారని, అందులో కరెంటు కాక వెలుగు ప్రయాణిస్తుందని కోడలు నాకు ముందే చెప్పింది. ఆ ఫైబర్ మా వైపుకు, మా తీగలన్నీ ఆ ఫైబర్ వైపుకు వచ్చి, ఒక్కచోట కలుసుకున్నవి. కలుసుకుని, పిల్లలు బడిలోకి దూరినట్టు, ఒకే కిటికీలోకి దూరినవి.

ఆ కిటికీ మూలింటావిడది.

ఇంటికి తాళం వేసి ఉన్నది. కిటికీ రెక్క ఒకటి ఓరగా తెరిచి ఉన్నది. లోపల ముందుగది నిండా పత్తి. నేలమీదనుంచి కిటికీ ఎత్తుదాకా తెల్లగా పోసి ఉన్నది. ఆ పత్తికి పైన, గోడకు ఒక ఇనుపపెట్టె. వీధిలోని తీగలన్నీ దాని కింద ముఖం పెట్టుకుని గుచ్చుకుని ఉన్నవి. ఆ పెట్టె మీద ఒక్క దీపం కూడా వెలగడం లేదు.

"చూశారా మాస్టారూ" అన్నాడు పక్కింటాయన గొంతు తగ్గించి. "ఊరి నెట్టంతా ఇంట్లో పెట్టుకుని తాళమేసుకుని పోయింది. ఏమెరగనట్టు రోజూ ఆటో ఎక్కుద్ది."

నాకు ఆటోలో ఆమె నవ్విన నవ్వు గుర్తువచ్చింది. ఇంతమంది ఇళ్ళలోకి పోయే మాటలన్నీ ఈమె గోడమీదుగా పోతున్నవని, కోడలితో రోగులు చెప్పుకునే బాధలు సైతం ఈ పత్తికుప్ప మీదుగానే ప్రయాణిస్తున్నవని తలచుకుంటే పోస్టాఫీసులో మా నాన్నగారి భయం నన్నూ ఆవహించింది. ఈమె వింటున్నదేమో! ఎట్లా వింటుందని ఆలోచించే ఓపిక ఆ క్షణంలో లేదు. మేమిద్దరమూ కిటికీ ఊచలు పట్టుకుని లోపలికి తొంగిచూస్తూ ఆ ఇనుపపెట్టె లక్షణాలు పరిశీలిస్తూండగా, మధ్యాహ్నం భోజనాలకు చేలనుంచి తిరిగివచ్చిన ఆటో వెనుక ఆగింది.

"ఏంది మాస్టారూ? నా కిటికీలో ఏం జూత్తన్నారు?"

ఆమె నడుముకు పత్తి ఒడి ఇంకా కట్టుకునే ఉన్నది. ముఖం ఎర్రబారి ఉన్నది. ఆటోలోని ఆడవాళ్ళెవరూ ఈసారి నవ్వలేదు. పత్తి ఇంట్లో పోసుకున్న మనిషి ఇంటి కిటికీ దగ్గర ఇద్దరు పెద్దమనుషులు చేరితే ఏమనుకోవాలో అదే అనుకున్నారు.

"పత్తి కోసం కాదమ్మా" అన్నాను. అన్నతరువాత, ఆమె అడగకముందే ఆ మాట అనకుండా ఉండవలసిందని తోచింది.

"పత్తి మాట నేనెత్తలా గదా!"

పక్కింటాయన ముందుకొచ్చాడు. "అది గాదక్కా, ఆ పెట్టె ఏంది? మా తీగలన్నీ నీ ఇంట్లోకెందుకు పోయినయ్యి?"

"ఏ పెట్టె? ఆ కేబుల్ పిలగాడు పెట్టిందా? నాకేం తెల్సు? నా టీవీకని పెట్టాడు. గోడకు పెట్టుకోనిత్తే నెల నెలా డబ్బులు కట్టక్కర్లేదక్కా అన్నాడు."

"నువ్వు చేలోకి పోతానే అది ఆరిపోద్దేంది మరి?"

ఆమె మా ఇద్దరినీ, మాకు బుద్ధి ఉన్నదా లేదా అన్నట్టు చూసింది. "ఇంటినిండా పత్తి పోసుకుని కరెంటు వదిలేసి పోతానా? మెయిన్ కట్టేసి పోతా. పోయినేడు పక్కూళ్ళో ఒకళ్ళింట్లో ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ లేచి పత్తంతా మండి, ఇల్లు కూడా మిగల్లా. పోయినేడంటే నేను చేలోనే అమ్ముకున్నా. ఈ ఏడు రేటు లేక ఇంట్లో పోశా. దీన్నమ్మిందాకా నాకు కంటిమీద కునుకు లేదు. మీ నెట్ సంగతి నాకెవరు జెప్పారు?"

ఆమె తాళం తీసి లోపలికి వెళ్ళింది. తలుపు పక్కన గోడ మీది మెయిన్ మీట పైకెత్తింది. ఇనుపపెట్టె మీద ఒక పచ్చదీపం వెలిగింది. దాని వెంట వరుసగా ఇంకొన్ని వెలిగి కొట్టుకోవడం మొదలుపెట్టినవి. ఆ వెంటనే వీధి మధ్యనుంచి పక్కింటాయన తల్లి టీవీలో ఎవరో ఆడమనిషి పెద్దగా ఏడుస్తున్న చప్పుడు వచ్చింది. సీరియల్ తిరిగి వచ్చింది. దానికంటె ఇవతల, మా ఇంట్లోనుంచి కోడలి గొంతు: "చెప్పండి సార్, ఇప్పుడు వినిపిస్తోంది."

ఆటోలోని ఆడవాళ్ళు ఒక్కొక్కరే దిగి ఇళ్ళకు పోయారు.

కేబుల్ కుర్రవాణ్ణి పిలిపించాము. ఈసారి పైనుంచి అనలేదు. టీవీనీ నెట్‌నీ రెండింటినీ తెచ్చే ఫైబర్ అక్కడివరకే వస్తుందని, అక్కడ ఆ పెట్టెలో దిగి, పెట్టెనుంచి మామూలు తీగల్లో ఇంటింటికీ చీలిపోతుందని, ఆ పెట్టెకు కరెంటు కావాలి గనుక ప్రతి వీధిలో ఎవరో ఒకరి గోడ అడుగుతామని చెప్పాడు. ఆ మాట మొదటే ఆమెకు ఎందుకు చెప్పలేదని నేను నిలదీశాను.

"వీధి మొత్తం నీ ప్లగ్గు మీదే ఉందని చెప్తే పెట్టనిచ్చేదా మాస్టారూ? నిజం చెప్పండి."

"ఇప్పుడు పీకెయ్" అన్నది ఆమె. "ఈ క్షణం నా గోడమీంచి పీకి పట్టుకుపో. అది వెలుగుతుండగా నేను చేలో పత్తి ఎట్టా తియ్యాల? మనసంతా ఇక్కడే ఉంటది."

ఆమె మాటలో అన్యాయమేమీ లేదు. అతను మాత్రం వీధి మొత్తానికి నెట్ ఆపేసి, పెట్టె తీసుకుపోతానని, వేరే గోడ దొరికేదాకా తాను చేయగలిగిందేమీ లేదని అన్నాడు. నెలాఖరు ఎంతో దూరం లేదు. అప్పటికి కోడలు పనిమధ్యలో కాస్త వెసులుబాటు చూసుకుని హెడ్‌ఫోన్ మెడలో వేలాడుతుండగానే వచ్చి నిలబడింది.

"మా ఇంట్లో పెట్టండి. మాకు ఇన్వర్టర్ కూడా ఉంది. కరెంటు పోయినా ఆరదు" అన్నది.

నేను నోరు తెరిచేలోపల పక్కింటాయన అందుకున్నాడు. "మాస్టారింట్లోనా? మీకు కోపమొచ్చిన రోజున ఆపేత్తే మా గతేంగాను? నా ఇంట్లో పెట్టించు."

"నీ ఇంట్లోనా? మిరపకాయలు ఆరబోసినప్పుడు తీగ అడ్డమని నువ్వు చేసిన గొడవ వీధంతా విన్నది" అన్నాను.

"ఇందాకటిదాకా నన్నే అనుమానించారు గదా మీరు!"

"నువ్వు మా కోడల్ని అనుమానించావు!"

మూలింటావిడ తలగుడ్డ విప్పుతూ, "మీ ఇద్దరి గొడవ నా గుమ్మంలో వొద్దు. ముందు నాకొక మాట చెప్పు" అని కుర్రవాడి వైపు తిరిగింది. "పెట్టె పోతే నా టీవీకి డబ్బులు కట్టాలా?"

అతను పెట్టె మీది దుమ్ము తుడవసాగాడు.

"ఇన్నాళ్ళూ నాకు చెప్పకుండా నా కరెంటు వాడుకున్నావు. నిప్పురవ్వ లేచుంటే? ఈ ఏడంతా ఊరికే చూత్తా. ఊఁ అను."

అతను ఊఁ అన్నాడు.

చివరికి తగవు తీర్చింది కోడలే. పెట్టె మా ఇంటికే వస్తుంది. కాని గదిలో పెట్టరు. వీధి అరుగుపైన, చూరు కింద, వాన తగలని చోట, దీపాలు వీధి వైపుకు కనిపించేటట్టు గోడకు బిగిస్తారు. వెలుగుతున్నదో ఆరిందో దారినపోయే ఎవరైనా చూసుకోవచ్చు. పక్కింటాయన చాలాసేపు ఆలోచించి, ఇందులో తాను మోసపోయే మార్గమేదీ కనిపించక ఒప్పుకున్నాడు. నేనూ అదే కారణంచేత ఒప్పుకున్నాను.

ఒకటో తేదీ వచ్చింది, వెళ్ళింది. కోడలు ముందుగదిలోనే ఉన్నది. లైను నిలబడిన రోజుల్లోనే ఆఫీసువారు ఒకనాడు ఉదయంనుంచి సాయంత్రం దాకా పరీక్షించి, ఇక్కడినుంచే చేసుకోమన్నారు. ఆ మాట ఆమె నాకు చెప్పినప్పుడు వంటగదిలో ఉన్నది. చెప్పి, హెడ్‌ఫోన్ తీయకుండానే, ఇన్నాళ్ళ తరువాత పనివేళలో రోకలి తీసి పచ్చడి దంచింది. ఆసుపత్రికి ఫోన్ చేసినవారికి ఆ చప్పుడు వినిపించిందేమో నాకు తెలియదు.

నాకు మాత్రం నెమ్మది లేదు. పెట్టె నా అరుగు మీదికి వచ్చిన నాటినుంచి వీధి అంతా నన్ను చూసే చూపు మారింది. పక్కింటాయన పొద్దున చేలోకి పోతూ ముందు పెట్టెను చూస్తాడు, తరువాత నన్ను చూస్తాడు, ఆ తరువాత నమస్కారం పెడతాడు. అతని తల్లి సీరియల్‌లో బొమ్మ ఒక్క క్షణం తడబడితే చాలు, కర్ర ఊతంగా గోడదాకా వచ్చి, "మాస్టారూ, ఏం జేశారు?" అంటుంది. నేనేమీ చేయలేదమ్మా అంటే నమ్మదు. గుంటూరు నుంచో చీరాల నుంచో నిజంగానే లైను పోయిన రోజున, "పైనుంచి" అన్న మాట నా నోటివెంటే వచ్చింది. ఆ మాట విన్న పక్కింటాయన ముఖం, వెనకటి నా ముఖమే.

మొన్న ఆదివారం అబ్బాయి వచ్చాడు. చీరాలలో మా బంధువుల ఇంట్లో నిశ్చితార్థం. అందరమూ తయారై బయటికి వచ్చాము. కోడలు తాళం వేయబోతూండగా నేను మళ్ళీ లోపలికి వెళ్ళాను. ఇల్లు విడిచి ఊరికి పోయేటప్పుడు మెయిన్ కట్టడం మా ఇంట్లోనూ నా తల్లి నాటినుంచి ఉన్న అలవాటే. ఇన్వర్టర్ వచ్చాక దాన్నీ కలిపి కడుతున్నాను. చెయ్యి దానంతట అదే మీట మీదికి పోయింది.

"మాస్టారూ!"

పక్కింటాయన తన డాబా మీదనుంచి వంగి చూస్తున్నాడు. అక్కడినుంచి మా ముందుగది కనిపిస్తుందని నాకు అంతవరకు తెలియదు. మూలింటావిడ గుమ్మంలో కూర్చుని పత్తిలో గుల్లలు ఏరుతున్నదల్లా తలెత్తి, "కట్టేత్తన్నాడా? నువ్వు ఆనాడే జెప్పలా!" అన్నది పెద్దగా.

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. తాళం వేసి, అబ్బాయి మాట్లాడిన కారెక్కిన తరువాత కూడా, వెనుక అద్దంలోనుంచి చూస్తే, అతను ఇంకా డాబా మీదనే నిలబడి నా అరుగు మీద దీపాలు లెక్కపెడుతున్నాడు.